బయటికి రాని చప్పుడు

"సప్పుడు రాని గిటారు దొర్కదా పిల్లా?" అని మా అత్తమ్మ అడిగింది. అప్పుడు నేను వంటింటి గడప దగ్గర కూర్చుని, ఒడిలో చీర పరుచుకుని లేసు కుడుతున్నాను. ఆమె మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎగతాళికి అడగలేదు, నిజంగానే అడిగింది. గుజరాతీల ఈ ఊళ్ళో, లింబాయత్ బస్తీలో, మా ఇంటి గోడకు ఆనుకుని ఎనిమిది సాంచెలు నడుస్తాయి. సాంచెలంటే మరమగ్గాలు, మా సందుకు రెండు పక్కలా అవే. వాటి దెబ్బకు మా అల్మారాలో స్టీలు గ్లాసులు రోజంతా ఒకదానికొకటి తగిలి గలగలమంటూ ఉంటాయి. అది ఎవరికీ చప్పుడు కాదు, అన్నం పెట్టే చప్పుడు. మధ్యాహ్నం గిన్నెలు తోమాక నేను గంటసేపు వాయించే నాలుగు తీగెలు మాత్రం ఇంట్లో అందరికీ తలనొప్పి.

గిటార్ నాది కాదు, హంసాబెన్‌ది. ఆమెకు ఆడవాళ్ళ ఆర్కెస్ట్రా ఒకటుంది. నవరాత్రుల్లో సొసైటీల కాంపౌండుల్లో గర్బాకు వాయిస్తారు. రెండేళ్ళ కింద వాళ్ళందరికీ అద్దాల జాకెట్లు కుట్టడానికి కొలతలు తీసుకోవడానికి ప్రాక్టీసు జరిగే హాలుకు వెళ్ళాను. టేపు మెడలో వేసుకుని నిలబడి, నాకు తెలియకుండానే కత్తెరతో బల్ల మీద దరువు వేస్తున్నానట. హంసాబెన్ పాట ఆపి నా వైపు చూసింది. బేస్ గిటార్ వాయించే అమ్మాయికి అంతకు నెల ముందే పెళ్ళయి రాజ్‌కోట్ వెళ్ళిపోయింది, అత్తగారింట్లో వద్దన్నారు. గిటార్ మూలన నిలబెట్టి ఉంది. పట్టుకుని చూడమంది. బేస్ ఉన్నప్పుడు ఉన్నట్టు ఎవరూ గమనించరని, తీసేస్తే మాత్రం పాట కూలబడుతుందని చెప్పి, మన ఆడవాళ్ళలాగే అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ లావు తీగె మీద వేలు పెట్టి లాగితే దాని అదురు నా పక్కటెముకలకు తగిలింది. మా బాపు కార్ఖానా గుర్తొచ్చింది.

మా బాపు కనకయ్య సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ పన్నెండు సాంచెలు నడిపాడు. నేను వాటి మధ్యనే పెరిగాను. అక్కడ నోటి మాట పనికిరాదు. బొటనవేలు నోటికి చూపిస్తే చాయ్, రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. మిగతావన్నీ పెదాలు చూసి తెలుసుకోవాల్సిందే. పదేళ్ళకే నేను ఇంట్లో అన్నం తింటూ ఏ సాంచె దెబ్బ తప్పుతోందో చెప్పేదాన్ని. బాపు వెళ్ళి చూస్తే అదే అయ్యేది. "నా బిడ్డ చెవి బంగారం" అని అందరికీ చెప్పుకునేవాడు. తర్వాత సాంచెలు మా తమ్ముళ్ళకు వచ్చాయి. బంగారంలాంటి చెవితో నేను అత్తగారింటికి వచ్చాను.

ఈ రెండేళ్ళూ నేర్చుకున్నాను. ఎప్పుడు నేర్చుకున్నానో నన్నడిగితే చెప్పలేను. నీళ్ళు పట్టడానికీ వంటకీ మధ్య, లేసు కట్టలకీ మా పాప సుమన స్కూలుకీ మధ్య ఎక్కడో దూర్చాను. ఈసారి హంసాబెన్ తొమ్మిది రోజులూ నువ్వే వాయించాలి అంది. ఇంట్లో రోజూ వాయిస్తేనే వేళ్ళు తిరుగుతాయని గిటార్‌నూ, దానికి కలిపే చిన్న ఆంప్లిఫయర్ డబ్బానూ మా ఇంటికి పంపింది. వారం గడవక ముందే గొడవ మొదలైంది.

మా ఆయన శ్యాంసుందర్ పక్క సందులో కార్ఖానాకు మేస్త్రి. సాంచె ఆగితే దాని పక్కన చెవి పెట్టి రోగం చెప్పే మేస్త్రి. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. రాత్రి డ్యూటీ వారంలో సాయంత్రం దాకా పడుకుంటాడు. పక్కనే ఎనిమిది సాంచెలు కొట్టుకుంటుంటే కదలకుండా పడుకునే మనిషి, నా గిటార్‌కు లేచి కూర్చున్నాడు. గుండెల మీద గుబగుబ కొట్టినట్టుంది, నిద్ర పట్టడం లేదు అన్నాడు. మొదట తలుపు వేసుకుని వాయించాను. తర్వాత ఆంప్లిఫయర్ మీద దుప్పటి కప్పాను. చివరికి ఆయనే ఒక దారి చెప్పాడు. వాళ్ళ కార్ఖానా సేఠ్ కొడుకు చెవులకు ఏదో పెట్టుకుని కీబోర్డు వాయిస్తుంటే చూశాడట, ఇసుమంత చప్పుడు బయటికి రాలేదట.

"అసుంటిదే కొనుక్కో," అన్నాడు. "నీ సప్పుడు నీ చెవులల్లనే ఉంటది. ఐతారం లోపల కొనకుంటే ఆమె గిటారు ఆమెకిచ్చెయ్యి."

పక్కింటి సమ్మక్క ఈ మాట విని, నీ మొగుడు మంచోడు కాబట్టి కొనుక్కోమన్నాడు, ఇంకొకరైతే పొయ్యిలో పెట్టేవాళ్ళు అంది. నిజమే. మంచివాడే. తాగడు, కొట్టడు. నా పెళ్ళిలో మా వాళ్ళు అడిగిన రెండు ప్రశ్నలూ అవే.

అత్తమ్మ ఇంకో షరతు పెట్టింది. చెవులు మూసుకుంటే మూసుకోగానీ పిలిస్తే మాత్రం వినబడాలి అంది. మూడింటికి నల్లా వస్తుంది, నాలుగింటికి చాయ్, ఆ మధ్యలో సుమన బడి నుంచి వస్తుంది, లేసు చీరలు తీసుకుపోయేవాడు వస్తాడు. అంటే నా చప్పుడు బయటికి పోకూడదు, ఇంట్లోవాళ్ళ పిలుపు మాత్రం లోపలికి రావాలి. దుకాణంలో ఇట్లాగే అడగాలి కాబోలు అనుకున్నాను.

వినబడడం గురించి మా ఇంట్లో ఒక పాత తగాదా ఉంది. అది చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ఈ ఊళ్ళో ప్లేగు వచ్చిన మరుసటి ఏడాది, అంటే మూడేళ్ళ కింద, నాకు ఐదో నెల. ఒకరోజు పొద్దున ఆయన డ్యూటీకి బయల్దేరుతున్నాడు. నేను పొయ్యి వైపు తిరిగి చాయ్ వడపోస్తూ, రాత్రి నుంచి రక్తం పోతోంది, దవాఖానకు తీసుకుపో అన్నాను. ఆయన చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి నేను నేల మీద పడి ఉన్నాను. పొద్దున్నే తెస్తే ఏమైనా చేసేవాళ్ళమని డాక్టరమ్మ అంది. వరండాలో మా తమ్ముళ్ళు, అత్తమ్మ, సందులో వాళ్ళు అందరూ ఉండగా ఆయన, "నాకొక్క మాట జెప్పలే," అన్నాడు. చెప్పాను అన్నాను. చెప్పలేదు అన్నాడు, ఎంతో నిదానంగా. ఎవరి గొంతు నిదానంగా ఉంటే వాళ్ళదే నిజమనిపిస్తుంది. మా తమ్ముడు కూడా, ఇట్లాంటివి దాచుకుంటే ఎట్లా అక్కా అని నన్నే కోప్పడ్డాడు. అత్తమ్మ ఆ తర్వాత ఎన్ని ఇళ్ళలో చెప్పిందో, మా కోడలు కడుపులో మాట కడుపులోనే దాచుకుంటుంది, ఆ మొండితనమే పిల్లగాణ్ణి తిన్నది అని.

ఆ ఒక్కసారే కాదు. సుమన ఫీజు మాట చెప్పలేదట, గ్యాసు అయిపోయిందని చెప్పలేదట, మా అవ్వ మంచాన పడ్డ సంగతి చెప్పలేదట. అన్నిసార్లు ఒక మనిషి చెప్పలేదు చెప్పలేదు అంటుంటే మనకే అనుమానం వస్తుంది. నేను అన్నీ మనసులోనే అనుకుని నోటితో అన్నాననుకుంటున్నానేమో అని భయం పట్టుకుంది. చాయ్ వడపోస్తూ అన్నానా, అనాలనుకున్నానా? మూడేళ్ళుగా ఆ పొద్దుటిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. అప్పటి నుంచి ప్రతి మాటా రెండుసార్లు, మూడుసార్లు చెప్పడం అలవాటైంది. ఇప్పుడు నాకు లొడలొడ వాగే మనిషినని పేరు.

శుక్రవారం నాడు ఆంప్లిఫయర్ డబ్బాను సంచిలో పెట్టుకుని, గిటార్‌ను పాత దుప్పట్లో చుట్టి, షేర్ ఆటోలో ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని స్టేషన్ వైపు వెళ్ళాను. పక్కన కూర్చున్నావిడ లోపల ఏముందని అడిగింది. చెప్పాను. మీ ఆయన వాయిస్తాడా అంది. మైకులూ స్పీకర్లూ అమ్మే దుకాణంలో పెద్దాయన కూడా అదే అడిగాడు. నాకే అంటే ఒకసారి నా వేళ్ళు చూశాడు. సూది పొడిచిన మచ్చల మధ్య తీగె రాసుకుని కాసిన కాయలు చూసి, ఇంకేమీ అడగకుండా స్టూలు వేశాడు.

మొదట వాక్‌మన్‌కు పెట్టుకునే స్పాంజి హెడ్‌ఫోన్స్ ఇచ్చాడు. తేలిగ్గా బాగానే ఉన్నాయి. కాని లావు తీగె మీటితే టిక్‌టిక్‌మని గోరుతో డబ్బా గీకినట్టు తప్ప అడుగు గొంతు రానేలేదు. రోడ్డు మీద హారన్లు మాత్రం శుభ్రంగా వినిపించాయి. అత్తమ్మ షరతుకు ఇది సరిగ్గా సరిపోతుంది. రెండోది కొంచెం పెద్దది. దాని పిన్నుకూ ఆంప్లిఫయర్ రంధ్రానికీ పడక ఒక్క చెవిలోనే మోగింది. ఒక చెవి నాకు, ఒక చెవి ఇంటికి. ఇది కూడా మా ఇంటి కోసమే చేసినట్టుందని నవ్వొచ్చింది. పెద్దాయన నవ్వు దేనికో తెలియక, వేరే పిన్ను తగిలిస్తే రెండు చెవుల్లో వస్తుంది బెహన్ అన్నాడు.

మూడోది గాజు బీరువాలోంచి తీశాడు. నల్లగా, చెవులు పూర్తిగా మూసేసే గిన్నెల్లాంటివి. స్టూడియోల్లో వాడేదట. పెట్టుకున్నాను. ఫ్యాను పోయింది, రోడ్డు పోయింది, స్టేషన్ పోయింది. మీటాను. ఆ చప్పుడు ఎక్కడి నుంచో రాలేదు, నా మెడ వెనక నుంచి, నా లోపలి నుంచి వచ్చినట్టుంది. వేలు తీగె మీద జారే సన్న రాపిడి కూడా వినబడింది. ముప్పై రెండేళ్ళ వయసులో నన్నెవరూ పిలవలేని చోటు ఒకటి దొరికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు సంతోషంగా ఉంది, అంత సంతోషానికి సిగ్గుగా కూడా ఉంది. తలెత్తితే పెద్దాయన పెదాలు కదులుతున్నాయి. నచ్చకపోతే మూడు రోజుల్లో వాపసు తీసుకుంటాను అంటున్నాడు. అవి తీయకుండానే, సరే అన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, వినబడుతోందా అని అడిగాడు. లేదు, చూస్తున్నాను అన్నాను. కార్ఖానాలో పెరిగినవాళ్ళకు అది పెద్ద విద్య కాదు. లేసు కుట్టిన నా డబ్బుతోనే నల్లవి కొనుక్కున్నాను. పిలిస్తే వినబడవని తెలిసే కొన్నాను.

శనివారం మా సందులో సాంచెలకు సెలవు. కరెంటు వాళ్ళు వారానికొక రోజు వాటిని ఆపిస్తారు. ఆ రోజు సందంతా వింత నిశ్శబ్దం, దూరంగా ఎవరో దగ్గినా వినిపిస్తుంది. మధ్యాహ్నం ఆయన కుర్చీలో కూర్చుని సాంచె తాలూకు ఏదో ముక్కను గుడ్డతో తుడుస్తున్నాడు. అత్తమ్మ మంచం మీద ఉంది. నేను వంటింటి గోడకు ఆనుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదలుపెట్టాను. ఆయన నా వైపు చూసి, బాగుంది అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంటికి పట్టిన పీడ వదిలినట్టు ఆయన ముఖం తేటగా ఉంది.

అత్తమ్మ నోరు తెరిచింది. నన్నే పిలుస్తోంది, చాయ్ అంటోంది. చూడనట్టు వాయించాను. ఆమె ఆయన వైపు తిరిగి నా మీద ఫిర్యాదు మొదలుపెట్టింది. గొంతు లేని ఇంటిని నేనెప్పుడూ చూడలేదు. గొంతు పోయేసరికి మిగతావన్నీ కనబడడం మొదలైంది. ఆయన అత్తమ్మ కళ్ళు చూడడం లేదు, నోరు చూస్తున్నాడు. ఆమె తల వంచి చింతపండు బుట్ట జరుపుతూ ఏదో అనేసరికి ఆయన నుదురు ముడిపడింది. ఆమె తల ఎత్తాక ముడి విడిపోయింది. అంతలో సుమన బడి నుంచి వచ్చింది. బ్యాగు కింద పడేసి, కుర్చీ చుట్టూ తిరిగి ఆయన ముందుకు వచ్చి, రెండు చేతులతో గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని మాట్లాడింది. ఎప్పుడూ అట్లాగే చేస్తుంది. తండ్రి మీద గారాబం అనుకునేదాన్ని.

నా వేళ్ళు ఆగిపోయాయి. నేనిప్పుడు ఈ నల్ల గిన్నెలు పెట్టుకుని ఏం చేస్తున్నానో ఆయన రోజూ అదే చేస్తున్నాడు. నేను మాట్లాడుతున్నప్పుడు నా పెదాలనే చూసేవాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఇంత ఇష్టంగా చూస్తాడు అని నేను మురిసిపోయిన రోజులున్నాయి.

హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాను. లేచి ఆయన కుర్చీ వెనక, మూడడుగుల దూరంలో నిలబడ్డాను. ఏ మాట అనాలో వెతుక్కోవాల్సిన పని లేకుండా అదే వచ్చింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఆ పొద్దున పొయ్యి దగ్గర ఎట్లా అన్నానో అట్లాగే అన్నాను.

"రాత్రి నుంచి రక్తం పోతుంది. దవాఖానకు తీస్కపో."

అత్తమ్మ చేతిలోని చింతపండు అట్లాగే ఉండిపోయింది. సుమన నన్నూ వాళ్ళ నాన్ననూ మార్చి మార్చి చూసింది. ఆయన గుడ్డ మడత మార్చి ఆ ముక్కను రెండో వైపు తుడవసాగాడు.

నేను వెనక్కి వచ్చి, ఆంప్లిఫయర్ నుంచి హెడ్‌ఫోన్స్ పిన్ను పీకి, లావు తీగెను మెల్లగా ఒక్కసారి మీటాను. ఆయన వెంటనే వెనక్కి తిరిగాడు.

"మల్ల షురూ జేసినవా? చెవులకు పెట్టుకోమంటి గద."

సుమనే మొదట మాట్లాడింది. నాన్నకు ముందుకొచ్చి చెప్పాలమ్మా, నీకు తెలియదా అంది. తొమ్మిదేళ్ళ పిల్లకు తెలిసింది. ఎవరూ చెప్పకుండానే తెలిసింది. అందరి మాటా వినే నా బంగారు చెవికి మాత్రం తెలియలేదు. మా వాళ్ళలో అందరూ అరిచే మాట్లాడతారు, సగం చేతులతోనే మాట్లాడతారు. ఎవరికి వినబడుతుందో ఎవరికి వినబడదో ఎవరు పట్టించుకుంటారు?

ఆయన ముందుకు వెళ్ళి కూర్చున్నాను. ఎన్నాళ్ళయింది అని అడిగాను. ఆ ఇనుప ముక్కను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. ప్లేగు కంటే ముందు నుంచేనట. మగవాళ్ళ మాట వినబడుతుందట, సాంచె దెబ్బ వినబడుతుందట, లావు చప్పుళ్ళన్నీ వినబడతాయట. సన్న గొంతులు పోయాయి. కుక్కర్ విజిల్, గాజులు, నేను, సుమన. మేస్త్రికి చెవే అన్నం, సేఠ్‌కు తెలిస్తే తీసేస్తాడని ఎవరికీ చెప్పలేదట. నాకు కూడానా అని నేను అడగలేదు. అడగాల్సింది వేరే ఉంది.

"ఆ పొద్దుగాల నేను జెప్పిన. నువ్వు దవాఖానల అందరి ముంగట జెప్పలే అన్నవు. నీకు ఇనవడలేదేమో అని గప్పుడు నీ మనసుకు రాలేదా?"

ఆయన నా నోరు చూశాడు. అంతా చదువుకున్నాడు. చదువుకున్నట్టు ముఖంలోనే తెలిసింది.

"చెప్పే ఉంటవనుకున్న," అన్నాడు. "ఏమనాలె మరి, అంతమంది ముంగట?"

చెవులు పోవడం ఆయన తప్పు కాదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. సాంచెలు ఆయన చెవులు తిన్నాయి, ఆయన మా అందరికీ తిండి పెట్టాడు. కాని చెప్పలేదు అన్నది చెవులు కాదు. నోటితో అన్నాడు, తెలిసి అన్నాడు, మూడేళ్ళు అంటూనే ఉన్నాడు. నాకు మతి చెడుతోందేమో అని నేను భయపడుతుంటే, పోయిన బిడ్డను నేనే తిన్నానని ఈ ముసలామె ఊరంతా చెబుతుంటే, పక్కన కూర్చుని చాయ్ తాగాడు. ఆయన పరువు కోసం నా మాటలన్నీ, అన్నవీ అననివీ, లేకుండా పోయాయి. నాకు జాలి వేయలేదు. వేయాలేమోనని కాసేపు ఎదురు చూశాను, రాలేదు.

అత్తమ్మ మెల్లగా, అయిపోయిందేదో అయిపోయింది, మగవాడి పరువు బజారున వేస్తామా, చాయ్ పెట్టు పద్మా అంది. నేను పెట్టలేదు. నా దగ్గర నుంచి ఆయనకు ఇంకా వినబడేది ఈ ఒక్క తీగె చప్పుడే, దాన్నే ఐతారం లోపల మూసేయమన్నాడు.

ఆదివారం పొద్దున హెడ్‌ఫోన్స్‌ను దాని డబ్బాలో పెట్టి దుకాణానికి వెళ్ళాను. వెళ్ళేముందు ఆంప్లిఫయర్‌ను వంటింట్లోంచి తెచ్చి ముందు గదిలో, ఆయన కుర్చీ పక్కన పెట్టాను. దాని మీద దుప్పటి తీసేసి మడిచి బీరువాలో పెట్టాను. ఆయన చూస్తూ ఉన్నాడు. దుకాణం పెద్దాయన డబ్బా తెరిచి, పిన్ను చూసి, రెండు గిన్నెలూ తిప్పి చూశాడు. ఇంత మంచి సామాను, ఏం లోపం వచ్చింది బెహన్, చప్పుడు బయటికి వస్తోందా అని అడిగాడు.

"రావడం లేదు," అన్నాను. "అదే లోపం."